పొద్దు గుంకితే విమానం దిగని దేశం

కరీబియన్ చిన్న దేశాలకు పర్యాటకమే ఆధారమైనప్పుడు అక్కడి ప్రభుత్వాలు ప్రణాళికల్లో ఎందుకంత జాప్యం చేస్తాయని అడిగారు. డొమినికా ద్వీపంలోని పోర్ట్స్‌మౌత్‌లో వైద్యవిద్య చదివిన రోజుల్లో ఆ జాప్యాన్ని దగ్గరగా చూశాను కాబట్టి రాస్తున్నాను. ఇది డొమినికన్ రిపబ్లిక్ కాదు. ఈ మాట మా బంధువులకు చెప్పి చెప్పి విసిగిపోయాను.

2009 డిసెంబరులో మా అమ్మానాన్నలు కొవ్వూరు నుంచి నన్ను చూడటానికి బయలుదేరారు. మూడు విమానాలు మారి ఆంటిగ్వా చేరాక, అక్కడ ఎక్కవలసిన చిన్న విమానం రెండు గంటలు ఆలస్యమైంది. డిసెంబరులో అక్కడ ఆరు గంటలకే పొద్దు గుంకుతుంది. అప్పట్లో డొమినికాలో రాత్రిపూట విమానం దిగే ఏర్పాటు లేనందువల్ల ఆ ప్రయాణమే రద్దయింది. గోంగూర పచ్చడి సీసాలున్న సంచిని ఒళ్లో పెట్టుకుని వాళ్లిద్దరూ రాత్రంతా కుర్చీల్లోనే గడిపారు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మా నాన్న ఫోనులో, "ఒరేయ్, దీనికంటే మా చిన్నప్పటి గోదావరి రేవు పడవే నయంరా, లాంతరు పెట్టుకునైనా దాటించేవాడు" అన్నారు.

నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబు ఆ లాంతరులోనే ఉంది. పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయం కావాలన్న మాట ఆ దేశంలో దశాబ్దాలుగా నలుగుతూ వచ్చింది. ఆ పెద్ద కల కంటున్నంతకాలం ఉన్న రన్‌వేకు దీపాలు పెట్టడం ఎవరికీ ముఖ్యమైన పనిగా తోచలేదు. చివరికి 2010లో ఆ ఏర్పాటు జరిగింది. తుపానులే జాప్యానికి కారణమని చాలామంది అంటారు. 2015లో ఎరికా, 2017 సెప్టెంబరులో మరియా ఆ ద్వీపాన్ని ఎంతగా ధ్వంసం చేశాయో నాకు తెలుసు. మరియా తర్వాత మా కళాశాల కూడా బార్బడోస్‌కు తరలిపోయింది. అయినా అవి రెండూ దీపాలు వచ్చాక జరిగినవే; నాలుగు దీపాలకు తుపాను అడ్డు వచ్చిందంటే నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి. రాజధాని రోసో రేవులో ఉదయం ఓడ దిగి, సాయంత్రానికి మళ్లీ ఓడెక్కి, భోజనమూ నిద్రా ఓడలోనే కానిచ్చే యాత్రికుల లెక్క చూసి మురిసిపోవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. 2011లో ప్రారంభించిన వైటుకుబులి కాలిబాట సుమారు 184 కిలోమీటర్ల పొడవున 14 భాగాలుగా ద్వీపమంతా సాగుతుంది. దాని మీద నడిచేవాడు ఏదో ఒక పల్లెలో రాత్రి ఆగక తప్పదు, అక్కడ తిండికీ పడకకూ డబ్బు ఇవ్వకా తప్పదు. కానీ అలాంటివాడు రావాలంటే ముందు విమానం దిగాలి. అమెరికాలోని మయామీ నుంచి నేరుగా విమానం మొదలైంది 2021 డిసెంబరులో మాత్రమే.

ఇప్పుడు ఆ ద్వీపంలోని వెస్లీ అనే ఊరి దగ్గర, విదేశీయులకు తమ దేశ పౌరసత్వం అమ్మగా వచ్చిన సొమ్ముతో, ఆ పెద్ద విమానాశ్రయాన్ని కడుతున్నారు. ఈ కబురు చెబితే నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "దీపాలు ముందు పెడతారా, ఆఖరున పెడతారా?"