పై మెట్టులో శక్తి ఎక్కువా, తక్కువా?

ప్రశ్న: ఆహారపు గొలుసులో పై స్థాయికి వెళ్లేకొద్దీ శక్తి తగ్గుతుందట, పరమాణువులో పెరుగుతుందట. పదో తరగతి చదివే మా అమ్మాయి ఏది నిజమని అడుగుతోంది. పులికి గడ్డికన్నా తక్కువ శక్తి ఎలా ఉంటుందని కూడా అంటోంది. ఏం చెప్పాలి? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ నిజమేనండీ. పేరు కలిసింది గానీ కొలిచేది వేరు. పులి ప్రశ్న చాలా మంచిది, అక్కడి నుంచే మొదలుపెడదాం. ఆహారపు గొలుసులో లెక్క ఒక్కొక్క జంతువుది కాదు. చదరపు మీటరు చోటులో, ఏడాది పొడవునా, ఆ స్థాయి జీవులన్నీ కలిసి అందుకున్న శక్తి ఎంత అన్నదే లెక్క. కాబట్టి గడ్డిపరకతో పులిని కాదు, అడవిలోని పచ్చదనమంతటితో పులులన్నిటినీ కలిపి పోల్చాలి.

అమెరికాలో ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ ఊటనీటిలో పర్యావరణ శాస్త్రవేత్త హోవర్డ్ ఓడమ్ ఈ లెక్క కట్టి 1957లో ప్రచురించారు. చదరపు మీటరుకు ఏడాదికి మొక్కలు, నాచు కలిసి ఒడిసిపట్టిన శక్తి 20,810 కిలోకేలరీలు. అందులో 11,977 వాటి శ్వాసక్రియకే ఖర్చయింది. శాకాహారులకు చేరింది 3,368, వాటిని తినేవాటికి 383, అన్నిటికన్నా పైనున్న మాంసాహారులకు 21. మిగిలినది ఎక్కడికీ మాయం కాలేదు. ప్రతి జీవీ బతకడానికి ఖర్చు పెట్టింది వేడిగా పోయింది. ఎవరూ తినకుండా కుళ్లింది విచ్ఛిన్నకారులకు చేరి, చాలావరకు అదీ వేడే అయింది. కొంత నీటితో కొట్టుకుపోయింది. ఆ వేడిని ఏ ఆకూ తిరిగి ఆహారంగా మార్చలేదు, అందుకే ఈ దారి ఒకవైపే. ఒక్కో స్థాయికి చేరిన అంకెను దాని కింది స్థాయి అంకెతో భాగించి చూడండి: 16, 11, 5.5 శాతం వస్తాయి. ఒక స్థాయి నుంచి పై స్థాయికి పదో వంతే చేరుతుందనే పాఠంలోని 10 శాతం సూత్రం సగటు మాత్రమే. పరీక్షలో అదే వాడమనండి, కానీ ప్రతి చెరువుకూ అదే కొలత అనుకోవద్దనండి.

పరమాణువులో స్థాయి అంటే ఒక ఎలక్ట్రాన్ ఉండగల శక్తి. అది సగటు కాదు, ఖచ్చితమైన అంకె. హైడ్రోజన్‌లో మొదటి స్థాయి −13.6 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల్లో శక్తిని కొలిచే చిన్న ప్రమాణం), రెండోది −3.4, మూడోది −1.51. పిల్లలు తప్పేది ఇక్కడే: 13.6 పెద్దది కదా అని మొదటి స్థాయికే శక్తి ఎక్కువని రాసేస్తారు. రుణ సంఖ్య అన్న మాటలోనే అప్పు ఉంది. కేంద్రకం నుంచి పూర్తిగా విడిపోయిన ఎలక్ట్రాన్‌కు సున్నా అనుకుంటే, లోపలున్నది అంత అప్పులో ఉన్నట్టు. 3.4 అప్పున్నవాడు 13.6 అప్పున్నవాడికన్నా పైనే కదా! మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు 10.2 కావాలి. 10 ఉన్న ఫోటాన్, అంటే వెలుగు కణం, వస్తే ఎలక్ట్రాన్ కదలదు, సగం మెట్టు లేదు. దిగేటప్పుడు ఆ తేడా అంతా వెలుగుగా తిరిగి వస్తుంది. మూడు నుంచి రెండుకు దిగితే 1.89, అంటే 656 నానోమీటర్ల ఎర్రని కాంతి. ఇక్కడ మెట్టుకు 10 శాతం అన్న మాటే లేదు.

ప్రశ్న: అయితే రెండింటికీ సంబంధమే లేదా? – అదే పాఠకురాలు

జవాబు: ఉంది, ఆకులో. పత్రహరితం 680 నానోమీటర్ల దగ్గర ఎర్రని కాంతిని పీల్చినప్పుడు దాని ఎలక్ట్రాన్ సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టులు పైకెక్కుతుంది. కిందికి జారేలోపే ఆకు దాన్ని పక్క అణువుకు అందిస్తుంది. ఒక్క గ్లూకోజ్ అణువుకు ఇలా కనీసం 48 ఫోటాన్లు కావాలి. ఆహారపు గొలుసులో మొదటి ముద్ద ఇదే.

ఇంట్లో చూడొచ్చు. నాలుగైదు పాలకూర ఆకులు నూరి, 50 మిల్లీలీటర్ల సర్జికల్ స్పిరిట్‌లో పది నిమిషాలు నానబెట్టి, వడకట్టి గాజు గ్లాసులో పోయండి. గది చీకటి చేసి, నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ టార్చిని ఒక పక్క నుంచి వేయండి. పచ్చని ద్రావణం ఎర్రగా మెరుస్తుంది. ఆకులో ఉన్న అందుకునే చేయి ఇక్కడ లేదు, ఎలక్ట్రాన్ తిరిగి దిగిపోతోంది. ఊదా వేస్తే ఎరుపు రావడానికి కారణం, కొంత శక్తి అణువులోనే వేడిగా పోవడం. మెరుపు కనిపించకపోతే చాలాసార్లు ద్రావణం మరీ చిక్కగా ఉన్నట్టు, ఇంకాస్త స్పిరిట్ కలపండి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, స్టవ్ దగ్గర వద్దు. టార్చిని కళ్లలోకి వేయకండి.