బొలోన్యాలో 12 నిమిషాల్లో రైలు మారొచ్చా?

"అక్కా, రోములో విమానం దిగి ఫెరారా వస్తున్నాను. బొలోన్యాలో రైలు మారాలి. మధ్యలో 12 నిమిషాలే ఉంది. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక బ్యాగు. సరిపోతుందా?"

గుంటూరు నుంచి ఇటలీకి మాస్టర్స్ చదవడానికి వస్తున్న ఒక తమ్ముడు అడిగాడు. ప్రతి సెప్టెంబరులో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

సరిపోదు తమ్ముడూ. దారి తెలిసి, చేతిలో చిన్న బ్యాగు మాత్రమే ఉంటే 12 నిమిషాల్లో మారొచ్చు, నేను చాలాసార్లు మారాను. రాత్రంతా విమానంలో కూర్చుని, 46 కిలోల సామాను లాక్కుంటూ మొదటిసారి వచ్చేవాడికి మాత్రం కుదరదు. అలాగని టెన్షన్ పడకు. నువ్వు ఎక్కబోయే రెండో రైలు రీజినల్, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే మామూలు రైలు. పగటిపూట ఒకటి పోయినా తర్వాతది గంటలోపే దొరుకుతుంది, నీ టికెట్టూ చెల్లుతుంది. అదెలాగో తర్వాత చెప్తాను, ముందు ఆ స్టేషన్ సంగతి.

బొలోన్యా చెంత్రాలే అంటే ఒకదాని కింద ఒకటి ఉన్న రెండు స్టేషన్లనుకో. పైన పాత స్టేషన్. కింద 2013లో తెరిచిన హైస్పీడు స్టేషన్, 16 నుంచి 19 వరకు నాలుగు ప్లాట్‌ఫాములు, నేలకు 23 మీటర్ల లోతున. అంటే ఏడంతస్తుల మేడంత. రోము, ఫ్లోరెన్స్, మిలాన్ వైపు నుంచి వచ్చే హైస్పీడు రైళ్లు చాలావరకు అక్కడే ఆగుతాయి. ఫెరారా వెళ్లే రీజినల్ మాత్రం పైనుంచి బయల్దేరుతుంది. బెజవాడలో బ్రిడ్జి ఎక్కి పక్క ప్లాట్‌ఫామ్ మీదకి దిగడం లాంటిది కాదిది. ఒక ఎస్కలేటర్ ఎక్కితే పెద్ద హాలు వస్తుంది, అక్కణ్ణుంచి ఇంకోటి ఎక్కాలి, ఆ తర్వాత సబ్‌వేలో నడిచి నీ ప్లాట్‌ఫామ్ మీదకి మళ్లీ ఎక్కాలి. ఖాళీ చేతులతో ఆగకుండా నడిచినా ఏడెనిమిది నిమిషాలు పోతాయి. నీ బోగీ రైలు చివర్న ఉంటే ప్లాట్‌ఫామ్ పొడుగునా నడిచేది అదనం. ఫ్రెచ్చారొస్సా అనే హైస్పీడు రైళ్లలో కొత్తది ఒక్కటే 200 మీటర్లుంటుంది.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేను ఇదంతా తెలిసీ తప్పు చేశాను. మిలాన్ నుంచి వస్తున్నాం, బొలోన్యాలో 14 నిమిషాల టైం. రైలు సరిగ్గా టైముకే వచ్చింది. ఎస్కలేటర్ మొదట్లో అమ్మ ఆగిపోయింది. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పైకి ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, కదిలే మెట్లకేసి చూస్తోంది. కాలు ముందుకు పెడుతుంది, మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. "నువ్వు పోమ్మా, నేను మామూలు మెట్లెక్కి వస్తాలే" అంది. మోకాళ్ల నొప్పులతో ఏడంతస్తులు! లిఫ్టు వెతుక్కుంటూ వెనక్కి నడిచాం. పిల్లల బండ్లతో, సూట్‌కేసులతో అది రెండుసార్లు మా ముందే నిండిపోయింది. పైకి వచ్చేసరికి మా రైలు వెనక ఎర్రదీపాలు కనిపించాయి. తన వల్లే పోయిందని అమ్మ మొహం చిన్నబోయింది. తన వల్ల కాదు. యాప్ 14 నిమిషాలు చూపిస్తే, ఆ నిమిషాలు ఎవరి నడకకో ఆలోచించకుండా టికెట్ కొన్నదాన్ని నేను.

రెండోసారి వచ్చినప్పుడు ముందుగానే సాలా బ్లూకి ఫోన్ చేశాను. నడవలేనివాళ్లకు, పెద్దవాళ్లకు స్టేషన్లలో సాయం చేసే విభాగం అది. పైసా తీసుకోరు. ఇటలీ లోపలి నుంచైతే 800 90 60 60 ఉచిత నంబరు. వీల్‌చెయిర్‌తో ఒకతను రైలు తలుపు దగ్గరే నిలబడ్డాడు, అమ్మను కూర్చోబెట్టి నేరుగా రెండో రైలు ఎక్కించాడు. అమ్మానాన్నలను పిలిపించుకునే వాళ్లందరూ ఈ నంబరు రాసి పెట్టుకోండి.

ఇక బోర్డు చదవడం. పరుగులో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "పార్తెంజే" అంటే బయల్దేరేవి, "అర్రీవి" అంటే వచ్చేవి. గోడకు అంటించిన కాగితాల్లో బయల్దేరేవి పసుపురంగు, వచ్చేవి తెలుపు. బోర్డు మీద ఫెరారా అని వెతికితే దొరక్కపోవచ్చు, ఎందుకంటే అక్కడ పెద్దగా వేసేది చివరి స్టేషన్ పేరే. నీ రైలు వెనిస్ దాకా వెళ్లేదైతే "వెనెత్సియా" అని ఉంటుంది. అందుకని ఊరి పేరు వదిలేసి రైలు నంబరు పట్టుకో. టికెట్ మీద ఉంటుంది. దాని పక్కన "బినారియో" అన్న గడిలో ఉన్నదే ప్లాట్‌ఫామ్. "రితార్దో" కింద అంకె ఉంటే అన్ని నిమిషాలు లేటు. బొలోన్యాలో ఇంకో చిక్కుంది. 1 అని ఒక ప్లాట్‌ఫామ్, "1 ఓవెస్ట్" అని వేరే ప్లాట్‌ఫామ్ ఉన్నాయి. ఓవెస్ట్ అంటే పడమర, అది స్టేషన్ ఒక కొసన ఉంటుంది. తూర్పు వైపు "ఎస్ట్" కూడా ఉంది. అంకె చూడగానే పరుగెత్తకు, దాని పక్కన మాట ఉందేమో చూసుకో. రోము ప్రధాన స్టేషన్ తెర్మినిలో కూడా చివరి ప్లాట్‌ఫాములకు బాగా దూరం నడవాలి.

టికెట్ల సంగతికొద్దాం, అసలు డబ్బు పోయేది ఇక్కడే. హైస్పీడు టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. చవక ధరలో కొన్నదైతే రైలు పోయినట్టే టికెట్టూ పోయినట్టే. రీజినల్ అలా కాదు, టికెట్ గడువు లోపు ఆ దారిలో వెళ్లే ఇంకో రీజినల్‌లో కూర్చోవచ్చు. కాబట్టి ముందు హైస్పీడు, తర్వాత రీజినల్ అయితే మధ్యలో టైం తక్కువైనా భయం లేదు. అదే ముందు రీజినల్, తర్వాత హైస్పీడు అయితే మాత్రం నేను 40 నిమిషాలకు తగ్గనివ్వను. ఫెరారా నుంచి రోముకు తిరుగు ప్రయాణంలో ఇది గుర్తుపెట్టుకో.

రెండు రైళ్లనూ ఒకే కంపెనీ దగ్గర, ఒకేసారి డబ్బు కట్టి కొను. 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం అలా కొన్నవాటిని ఒకే ప్రయాణంగా లెక్కిస్తారు. మొదటి రైలు లేటై రెండోది పోతే నిన్ను గమ్యానికి చేర్చే బాధ్యత వాళ్లదే. చేరేసరికి గంట దాటితే టికెట్ డబ్బులో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం అడగొచ్చు. అయిదు యూరోలు కలిసొస్తాయని ఒకటి త్రెనితాలియా అనే రైలు కంపెనీలో, ఇంకోటి ఇతాలో అనే వేరే కంపెనీలో విడివిడిగా కొంటే, ఒకరి లేటుకు ఇంకొకరు జవాబు చెప్పరు. రైలు పోతే ఇంకో హైస్పీడు రైలు అడక్కుండా ఎక్కేయకు. ముందు స్టేషన్ సిబ్బందికో, ఆ రైలు కండక్టరుకో టికెట్ చూపించి అడుగు.

రీజినల్ టికెట్ కాగితం మీద తీసుకుంటే ప్లాట్‌ఫామ్ దగ్గరుండే చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ఫోన్‌లో కొంటే చెక్-ఇన్ దానంతట అదే అవుతుందో, నువ్వే నొక్కాలో యాప్‌లో చూసుకో. ముద్ర మర్చిపోతే టికెట్ ఉన్నా జరిమానా పడుతుంది. పరుగున వచ్చి ఎక్కినవాళ్లే ఇది మర్చిపోతారు.

నీ విషయానికొస్తే, నేనైతే ఇలా చేస్తాను. రోము నుంచి వెనిస్ వైపు వెళ్లే హైస్పీడు రైళ్లలో కొన్ని ఫెరారాలోనే ఆగుతాయి, ముందు అది చూడు. దొరికితే ఈ మారడమే ఉండదు. దొరక్కపోతే బొలోన్యాలో 35 నిమిషాలైనా ఉండేలా తీసుకో. విమానం దిగిన టైముకు, తెర్మినిలో రైలు టైముకు మధ్య మూడు గంటలుండాలి. పాస్‌పోర్టు క్యూ, సామాను బెల్టు నీ చేతిలో ఉండవు, విమానం లేటైతే రైలు కంపెనీకి సంబంధం లేదు. ఎయిర్‌పోర్టు నుంచి లెయొనార్దో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో తెర్మినికి చేరుస్తుంది. చవకగా ఉందని ఎఫ్ఎల్1 అనే లోకల్ రైలు ఎక్కితే అది తెర్మినికి వెళ్లదు, తిబుర్తీనా అనే ఇంకో స్టేషన్ వైపు పోతుంది. తెర్మినిలో ప్లాట్‌ఫామ్ ముందు గేట్ల దగ్గర టికెట్ చూపించాలి, ఫోన్ ఛార్జింగ్ ఉంచుకో.

బొలోన్యాలో టైం మిగిలి బయటికి వస్తే, స్టేషన్ ముందు గోడ మీది గడియారం 10:25 దగ్గర ఆగి ఉంటుంది. పాడైపోయి కాదు. 1980 ఆగస్టు 2న ఆ నిమిషానికి వెయిటింగ్ హాల్లో బాంబు పేలి 85 మంది చనిపోయారు, అందుకని అలాగే ఉంచారు. నీ టైం ఫోన్‌లో చూసుకో.

రోము నుంచి రైలు టికెట్ కొనేముందు విమానం దిగే టైం నాకు రాయి. ఆ రోజు సమ్మె ఏదైనా ప్రకటించారేమో, ఫెరారాలో ఆగే రైలు ఏదో చూసి చెప్తాను.