పసిపాపకు థైరాయిడ్ మాత్ర: నెలరోజులు ఆగొచ్చా?

ప్రశ్న: మాది చెన్నై, అంబత్తూరు. పాపకు 13 రోజులు, బరువు 3.2 కిలోలు. నాలుగో రోజున మడమ దగ్గర రక్తం తీసి చూస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్) ఎక్కువని తేలింది. మళ్లీ చేయిస్తే టీఎస్‌హెచ్ 85, ఫ్రీ టీ4 (రక్తంలో తిరిగే థైరాక్సిన్ హార్మోన్) తక్కువ. రోజుకు 37.5 మైక్రోగ్రాముల థైరాక్సిన్ రాశారు. పాప అసలు ఏడవదు, హాయిగా నిద్రపోతుంది. పసిగుడ్డుకు మాత్రలేంటి, నెల చూద్దామంటోంది అమ్మ. ఏడేళ్ల బాబుకూ పరీక్ష చేయించాలా?

జవాబు: ఆగకండి, ఈరోజే మొదలుపెట్టండి. మెదడు ఎదుగుదలకు థైరాక్సిన్ హార్మోన్ కావాలి. పుట్టిన రెండు వారాల లోపే మందు పడితే మంచిది. ఆలస్యమైతే జరిగిన నష్టాన్ని తర్వాత ఎంత మందు వేసినా పూర్తిగా సరిచేయలేం. కడుపులో ఉండగా తల్లి థైరాక్సిన్ కొంత బిడ్డకు అందుతుంది కాబట్టి థైరాయిడ్ లోపం ఉన్న పిల్లల్లో చాలామంది పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు. తగ్గని పసిరికలు (కామెర్లు), మలబద్ధకం, బొంగురు ఏడుపు, పెద్ద నాలుక, ఉబ్బిన బొడ్డు తర్వాత బయటపడతాయి. ఏడవకుండా నిద్రపోయే బిడ్డను బుద్ధిమంతురాలంటాం గానీ, పాలకూ లేవని మగత కూడా ఈ లోపంలో భాగం కావచ్చు.

మోతాదు కిలోకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు. మీ పాపకు రాసింది అందులోనే ఉంది: 25 మైక్రోగ్రాముల మాత్ర ఒకటిన్నర. రెండు చెంచాల మధ్య నలిపి, కొద్దిగా తల్లిపాలలో కలిపి ఉగ్గుగిన్నెతో వెంటనే పట్టండి. అడుగున మిగిలిన పొడిలో ఇంకాసిని పాలు పోసి అదీ పట్టండి. సీసా నిండా పాలలో కలిపితే, పాప సగం వదిలేస్తే మందూ సగమే. ముందే కలిపి నిల్వ ఉంచొద్దు. ఐరన్, కాల్షియం చుక్కలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్లు వాడే 100 మైక్రోగ్రాముల మాత్రల సీసా దగ్గర పెట్టకండి. పొరపాటు జరిగేది అక్కడే.

రెండు వారాలకు మళ్లీ రక్తపరీక్ష. రిపోర్టు నార్మల్ వచ్చిందంటే మందు పనిచేస్తోందని అర్థం, ఆపమని కాదు. ఆపి చూడొచ్చా అన్నది మూడేళ్లు నిండాక డాక్టరే తేలుస్తారు.

బాబు ఏడాదికి కనీసం 5 సెంటీమీటర్లు పెరుగుతూ చురుగ్గా ఉంటే, పాపకు వచ్చిందన్న భయంతో పరీక్ష అక్కర్లేదు. రెండేళ్ల నాటి యూనిఫాం ప్యాంటు పొడవు ఇప్పటికీ సరిపోతూ, ఒళ్లు మాత్రం వస్తుంటే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించండి.

పాపకు పరీక్ష ఉన్న రోజు రక్తం ఇచ్చాకే ఆ పూట మాత్ర వేయండి.