టెక్ సందేహాలు: అప్‌డేట్ ఆపితే డేటా ఆగుతుందా?

ప్రశ్న: విండోస్ 11లో ‘ఆప్షనల్ డయాగ్నస్టిక్ డేటా’ (యంత్రం స్థితి, వాడకం గురించి మైక్రోసాఫ్ట్‌కు వెళ్లే అదనపు సమాచారం) ఆఫ్ చేశాను. అయినా ‘రిక్వైర్డ్’ పేరుతో ఏదో వెళ్తూనే ఉంటుందట. ఏం వెళ్తోందో చూసే వీలుందా? అసలు అప్‌డేట్లే ఆపేస్తే ఇదీ ఆగిపోతుంది కదా?

జవాబు: ఆగదు. అప్‌డేట్లు తెచ్చే సర్వీసు ‘విండోస్ అప్‌డేట్’. డయాగ్నస్టిక్ డేటా పంపే సర్వీసు ‘కనెక్టెడ్ యూజర్ ఎక్స్‌పీరియెన్సెస్ అండ్ టెలిమెట్రీ’. దీన్నే డయాగ్‌ట్రాక్ అని కూడా అంటారు. ఇవి దేని దారిన అది నడిచేవి. మొదటిదాన్ని ఆపినా రెండోది పంపేది పంపుతూనే ఉంటుంది. మీ చేతిలో మిగిలేది ప్యాచ్ (లోపాన్ని పూడ్చే సవరణ) పడని కంప్యూటర్.

ఏం వెళ్తోందో చూడటానికి మైక్రోసాఫ్టే ఒక సాధనం ఇచ్చింది. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’కి వెళ్లి ‘డయాగ్నస్టిక్స్ అండ్ ఫీడ్‌బ్యాక్’ తెరవండి. అక్కడ ‘వ్యూ డయాగ్నస్టిక్ డేటా’ కింద ఉన్న స్విచ్ ఆన్ చేసి, పక్కనున్న బటన్ నొక్కితే డయాగ్నస్టిక్ డేటా వ్యూయర్ యాప్ స్టోర్ నుంచి దిగుతుంది. స్విచ్ వేసిన తర్వాత వెళ్లిన డేటానే ఇందులో కనిపిస్తుంది, అంతకుముందుది కనబడదు. కాబట్టి స్విచ్ వేసి ఒకటి రెండు రోజులు మామూలుగా వాడుకున్నాక తెరవండి. ఇది డిస్క్‌లో 1 జీబీ వరకు జాగా తీసుకుంటుంది. చూడటం అయిపోగానే స్విచ్ ఆపేయడం మర్చిపోవద్దు.

తెరిస్తే ఎడమవైపు ఈవెంట్ల పేర్లు వరుసగా ఉంటాయి. ఒక్కోదాన్ని నొక్కితే కుడివైపు దాని పూర్తి పాఠం వస్తుంది. ‘సెన్సస్’తో మొదలయ్యేవి మీ యంత్రం జాతకం: ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, విండోస్ ఎడిషన్ వగైరా. ‘టెల్‌క్లయింట్‌సింథటిక్.హార్ట్‌బీట్’ అని ఒకటి పదేపదే కనిపించి కంగారు పెడుతుంది. అది టెలిమెట్రీ (ఈ డేటాను పంపే వ్యవస్థ) తన ఆరోగ్యం గురించి తానే పంపుకునే కబురు, అందులో మీ ఫైళ్ల ఊసు ఉండదు. ‘అప్రైజర్’ అని ఉన్నవి మీ యంత్రం తర్వాతి వెర్షన్‌కు పనికొస్తుందా లేదా అని లెక్కలు కట్టేవి. అప్‌డేట్ ఎక్కిందా, మధ్యలో ఫెయిలైందా అనేది వేరే ఈవెంట్లలో వెళ్తుంది. ‘రిక్వైర్డ్’ స్థాయిలో స్థూలంగా ఉండేది ఇదే. అయితే ప్రతి ఈవెంట్‌తోపాటూ మీ యంత్రాన్ని గుర్తుపట్టే ఐడీ కూడా ఉంటుందని గమనించండి. అందువల్ల దీన్ని ‘పేరులేని డేటా’ అనడానికి నాకు నోరు రాదు.

అసలు జాగ్రత్తపడాల్సింది ‘ఆప్షనల్’ దగ్గర. అది ఆన్‌లో ఉంటే ఎడ్జ్ బ్రౌజర్‌లో చూసిన సైట్లు, యాప్‌లను వాడిన తీరు కూడా వెళ్తాయి. ఏదైనా యాప్ క్రాష్ అయితే ఆ క్షణంలో మెమొరీలో ఉన్నది కూడా వెళ్లొచ్చు. మీరు టైప్ చేస్తున్న ఫైలు ముక్కలు పొరపాటున అందులో చేరే అవకాశం ఉందని మైక్రోసాఫ్టే రాసుకుంది. కాబట్టి దాన్ని ఆఫ్ చేసి మంచి పని చేశారు. ఒకవేళ మీ యంత్రం కొత్త విండోస్‌ను విడుదలకు ముందే పరీక్షించే ఇన్‌సైడర్ ప్రోగ్రామ్‌లో ఉంటే మాత్రం ఈ స్విచ్‌ను ఆపనివ్వదు.

అదే పేజీలో ‘ఇంప్రూవ్ ఇంకింగ్ అండ్ టైపింగ్’, ‘టైలర్డ్ ఎక్స్‌పీరియెన్సెస్’ కూడా ఆపండి (కొత్త వెర్షన్లలో రెండోది ‘రికమెండేషన్స్ అండ్ ఆఫర్స్’ పేజీలో ‘పర్సనలైజ్డ్ ఆఫర్స్’ పేరుతో ఉంటుంది). ‘డిలీట్ డయాగ్నస్టిక్ డేటా’ నొక్కితే ఈ యంత్రం నుంచి వెళ్లిన డయాగ్నస్టిక్ డేటా చెరిగిపోతుంది. అకౌంట్‌తో ముడిపడిన సెర్చ్, బ్రౌజింగ్ చరిత్ర దీనితో పోదు. దానికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోని ప్రైవసీ డాష్‌బోర్డ్‌కు వెళ్లాలి.

ఇక పూర్తిగా ఆపడం అంటారా, హోమ్, ప్రో ఎడిషన్లలో ఆ వెసులుబాటు లేదు. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లకే ఉంది. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్‌ల చిట్టాలో) ‘అలోటెలిమెట్రీ’ విలువ సున్నా చేయమని సలహాలు తెగ తిరుగుతుంటాయి. హోమ్, ప్రోలలో ఆ సున్నాను విండోస్ ఒకటిగానే, అంటే ‘రిక్వైర్డ్’గానే తీసుకుంటుంది. మీకు దక్కేదల్లా సెట్టింగ్స్ పేజీలో ‘కొన్ని సెట్టింగ్‌లు మీ సంస్థ అధీనంలో ఉన్నాయి’ అనే ఒక వింత సందేశం.

ప్రశ్న: టెలిమెట్రీ తీసేస్తుందని చెబితే ఒక ‘డీబ్లోట్’ స్క్రిప్ట్ (విండోస్‌లో అక్కర్లేనివి తీసేసే చిన్న ప్రోగ్రామ్) రన్ చేశాను. ఇప్పుడు అప్‌డేట్ నొక్కితే చివర 0422 ఉన్న ఎర్రర్ వస్తోంది. పైగా విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ ‘హోస్ట్స్‌ఫైల్‌హైజాక్’ అని హెచ్చరిస్తోంది. వైరస్ పట్టిందా?

జవాబు: ఈ రెండు లక్షణాలూ కలిసి వచ్చాయంటే ముందు అనుమానించాల్సింది ఆ స్క్రిప్టునే. 80070422 ఎర్రర్‌కు అర్థం ఒక్కటే: కావాల్సిన సర్వీసు డిజేబుల్ అయి ఉంది. స్టార్ట్ మెనూలో ‘సర్వీసెస్’ అని వెతికి తెరవండి. ‘విండోస్ అప్‌డేట్’ మీద రెండుసార్లు నొక్కి ‘స్టార్టప్ టైప్’ను ‘మాన్యువల్’ చేయండి. ఆటోమేటిక్ పెట్టనక్కర్లేదు, దాని సహజ స్థితి మాన్యువలే. ‘బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్’ కూడా డిజేబుల్ అయి ఉందేమో చూడండి. రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

హోస్ట్స్ ఫైలు సంగతి వేరు. ఏ సైటు పేరు ఏ ఐపీ అడ్రస్‌కు (నెట్‌లో యంత్రం చిరునామాకు) వెళ్లాలో రాసుకునే ఫైలు అది. మైక్రోసాఫ్ట్ సర్వర్ల పేర్లను ఆ ఫైల్లో రాసి, వాటిని ఎటూ పోనివ్వకుండా కట్టేయడం పాత చిట్కా. 2020 జూలై నుంచి డిఫెండర్ ఇలాంటి ఫైలును ముప్పుగా లెక్కగడుతోంది. ‘రిమూవ్’ నొక్కితే ఫైలును మొదటి రూపానికి తెస్తుంది. అంటే అందులో మీరు సొంతంగా రాసుకున్న వరుసలుంటే అవీ పోతాయి. వాటిని ఉంచుకోవాలంటే చేత్తోనే సరిచేయండి. నోట్‌ప్యాడ్‌ను ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరిచి, సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్ల వరుసలో లోపలికి వెళ్లండి. హోస్ట్స్ ఫైలుకు ఎక్స్‌టెన్షన్ ఉండదు. కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటేనే కనిపిస్తుంది. ‘#’తో మొదలయ్యే వరుసలు వ్యాఖ్యలు, వాటితో ఇబ్బంది లేదు. మైక్రోసాఫ్ట్ పేరున్న వరుసలు తీసేసి సేవ్ చేయండి. ఇక్కడ మీరు రాయని వేరే వరుసలు ఉంటే, అంటే బ్యాంకు సైటో మెయిల్ సైటో మరో ఐపీ అడ్రస్‌కు మళ్లించి ఉంటే, అది స్క్రిప్ట్ పని కాదు. అప్పుడు డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ తప్పనిసరి.

స్క్రిప్ట్ ఏమేం మార్చిందో గుర్తులేకపోతే, రన్ చేయడానికి ముందు తేదీతో రీస్టోర్ పాయింట్ (విండోస్‌ను పాత స్థితికి తిప్పే గుర్తు) ఉందేమో చూడండి. ఇలాంటి పనులకు ఓ అండ్ ఓ షటప్10 వంటి ఉచిత టూల్ కొంత నయం. ఒక్కో స్విచ్ ఏం చేస్తుందో రాసి ఉంటుంది, వెనక్కి తిప్పుకోవచ్చు. అందులోనూ విండోస్ అప్‌డేట్ విభాగం జోలికి వెళ్లకండి.

ప్రశ్న: సెక్యూరిటీ ప్యాచ్ పేరుతో నిఘా సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారన్నది వట్టి పుకారేనా?

జవాబు: పూర్తిగా పుకారని కొట్టిపారేయలేం. 2019 జూలైలో విండోస్ 7కు వచ్చిన ‘సెక్యూరిటీ ఓన్లీ’ ప్యాచ్, కేబీ4507456లో, సెక్యూరిటీతో సంబంధం లేని కంపాటిబిలిటీ టెలిమెట్రీ భాగాలు కూడా దిగాయి. టెలిమెట్రీ వద్దనే ఆ ‘ఓన్లీ’ ప్యాచ్‌లను ఏరికోరి వేసుకునేవాళ్లకు కడుపు మండిందంటే అర్థం ఉంది. 2016 జూలైలో ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థ సీఎన్ఐఎల్, విండోస్ 10 అవసరానికి మించి డేటా పోగేస్తోందని మైక్రోసాఫ్ట్‌కు నోటీసిచ్చింది. కంపెనీ మార్పులు చేశాక 2017లో సీఎన్ఐఎల్ ఆ వ్యవహారాన్ని ముగించింది. ఇప్పుడు మనకు కనిపించే స్విచ్‌లలో కొన్ని అలాంటి ఒత్తిళ్ల పుణ్యమే.

అలాగని ప్యాచ్ మానేస్తే ఏమవుతుందో కూడా చూశాం. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వాన్నాక్రై 2017 మే 12న విరుచుకుపడింది. అది దూరిన కంతను పూడ్చే ఎంఎస్17-010 ప్యాచ్ మార్చి 14నే విడుదలైంది. రెండు నెలలు చేతిలో ఉన్నా వేసుకోనివాళ్ల ఫైళ్లే తాళం పడి కూర్చున్నాయి. ప్యాచ్ వచ్చిందంటే కంత ఎక్కడుందో దాడిచేసేవాళ్లకూ తెలిసిపోయినట్టే.

మధ్యేమార్గం ఉంది. విండోస్ ప్యాచ్‌లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. ‘పాజ్ అప్‌డేట్స్’లో ఒక వారం ఎంచుకోండి. ప్యాచ్‌లో లోపం ఉంటే సాధారణంగా ఈలోపే గోల మొదలవుతుంది. నెలాఖరు వైపు వచ్చే ‘ప్రివ్యూ’ అప్‌డేట్లు ఐచ్ఛికం, వదిలేయండి. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ల విషయంలో ఇంకా నిదానం పనికొస్తుంది. 2018 అక్టోబర్‌లో వచ్చిన 1809 వెర్షన్ కొందరి డాక్యుమెంట్ల ఫోల్డర్‌ను తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని వెనక్కి తీసుకుని నవంబర్‌లో మళ్లీ ఇచ్చింది. పెద్ద వెర్షన్ ఎక్కాక నచ్చకపోతే ‘రికవరీ’లో ‘గో బ్యాక్’కు 10 రోజుల గడువే ఉంటుంది.

పెద్ద వెర్షన్ తర్వాత ‘మీ యంత్రం సెటప్ పూర్తిచేద్దాం’ అంటూ నిండు స్క్రీన్ వస్తే గబగబా ‘నెక్స్ట్’ కొట్టకండి. ఒక్కో పేజీ చదివి ముందుకెళ్లండి. అది మళ్లీ రాకూడదంటే సిస్టమ్‌లోని నోటిఫికేషన్స్ పేజీ అడుగున ‘అడిషనల్ సెట్టింగ్స్’లో టిక్కులు తీసేయండి.

విండోస్ 10 దగ్గరే ఆగినవాళ్లకు ఒక మాట. దాని సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 22హెచ్2 వెర్షన్ ఉంటే ఈఎస్‌యూ (పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల) పథకంలో చేరి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు పొందొచ్చు. చాలా దేశాల్లో డబ్బు కట్టకుండా చేరే మార్గాల్లో ఒకటి మీ సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు బ్యాకప్ చేయడం. అంటే ఉచితానికి బదులు అడిగేది అకౌంట్, దాంతోపాటు సింక్. ప్రైవసీ కోసం లోకల్ అకౌంట్ వాడుతున్నవాళ్లు ఇది తెలిసే ఒప్పుకోవాలి.

ప్రశ్న: బయోస్ (యంత్రాన్ని మొదట లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ తర్వాత ల్యాప్‌టాప్ నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదు.

జవాబు: డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి కాపాడే విండోస్ సాధనం బిట్‌లాకర్. దాన్ని మీరు పెట్టలేదు, విండోసే పెట్టింది. కొత్త యంత్రంలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయి, కీ మీ అకౌంట్‌లో చేరుతుంది. బయోస్ మారితే, తాళాలను భద్రపరిచే టీపీఎం చిప్ ‘ఇది నేనెరిగిన యంత్రం కాదు’ అనుకుని కీ అడుగుతుంది. ఫోన్‌లో అదే అకౌంట్ తెరిచి ‘డివైసెస్’లో బిట్‌లాకర్ కీల పేజీ చూడండి. తెర మీద కనిపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలను అక్కడి ఐడీతో సరిపోల్చి, దాని ఎదురుగా ఉన్న కీ కొట్టండి. సెటప్ రోజు ఆఫీసుదో ఇంట్లో మరొకరిదో అకౌంట్ వాడి ఉంటే కీ అక్కడ ఉంటుంది. ఎక్కడా లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

తెరుచుకున్నాక కీని కాగితం మీద రాసి దాచండి. ఇకమీద బయోస్ అప్‌డేట్‌కు ముందు ప్రో ఎడిషన్‌లో ‘సస్పెండ్ ప్రొటెక్షన్’ నొక్కండి. కీ మైక్రోసాఫ్ట్ దగ్గర ఉండటం ఇష్టం లేకపోతే, కాగితం భద్రంగా ఉందని నిర్ధారించుకున్నాకే అకౌంట్ నుంచి తొలగించండి.

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. డేటా కూడా తక్కువ పోతుందా?

జవాబు: ఆ సంతోషమూ లేదు. 2021లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ప్రొఫెసర్ డగ్లస్ లీత్ చేసిన పరిశీలనలో, వాడకుండా పక్కన పెట్టిన ఆండ్రాయిడ్, ఐఫోన్‌లు కూడా సగటున నాలుగున్నర నిమిషాలకోసారి తమ కంపెనీలకు కబురు పంపుతూ కనిపించాయి. డేటా పంచుకోవడం వద్దని సెట్టింగ్స్‌లో చెప్పినా సరే. గూగుల్ ఆ లెక్క కట్టిన పద్ధతిని తప్పుబట్టింది.

మీరు చేయగలిగినవి ఇవి. దారులు కంపెనీని బట్టి మారతాయి కనుక సెట్టింగ్స్‌లో పైనుండే సెర్చ్‌లోనే వెతకండి. ‘యూసేజ్ అండ్ డయాగ్నస్టిక్స్’ ఆఫ్ చేయండి. ‘యాడ్స్’ అని వెతికి ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’ (ప్రకటనల కోసం మీ ఫోన్‌ను గుర్తుపట్టే సంఖ్యను చెరిపే బటన్) నొక్కండి. ఆ తర్వాత యాప్‌లు ఆ ఐడీ అడిగితే వాటికి వరుసగా సున్నాలే వెళ్తాయి. నా లెక్కలో ఫోన్‌లో అన్నిటికంటే ఫలితమిచ్చే నొక్కు ఇదే. శాంసంగ్‌లో ‘కస్టమైజేషన్ సర్వీస్’, షావోమీలో ‘యూజర్ ఎక్స్‌పీరియెన్స్ ప్రోగ్రామ్’ వేరేగా ఆపాలి. ఆండ్రాయిడ్ 12, ఆపైన ఉంటే ‘ప్రైవసీ డాష్‌బోర్డ్’లో ఏ యాప్ ఎన్ని గంటలకు లొకేషన్, మైక్, కెమెరా ముట్టుకుందో చూడండి. అర్ధరాత్రి లొకేషన్ అడిగిన టార్చ్ యాప్ కనబడితే ఆలోచించకుండా తీసేయండి.

భద్రతకొస్తే, ‘సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్’ తేదీ పాతదైనా ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ కొన్ని భాగాలకు విడిగా వస్తూ ఉండొచ్చు. దాన్ని నొక్కి చూడండి. కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం), చిప్ డ్రైవర్ల లోపాలను మాత్రం అది పూడ్చదు. ప్యాచ్ తేదీకి ఏడాది దాటితే బ్యాంకు యాప్‌లను వేరే ఫోన్‌కు మార్చుకోవడం మేలు.

ప్రశ్న: ఐఫోన్‌లో ‘ఆస్క్ యాప్ నాట్ టు ట్రాక్’ నొక్కితే యాపిల్‌కు డేటా వెళ్లడం ఆగుతుందా?

జవాబు: ఆగదు. 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5తో వచ్చిన ఆ ప్రశ్న యాప్‌లు ఇతర కంపెనీల యాప్‌లు, సైట్లలో మిమ్మల్ని వెంటాడటం గురించి. యాపిల్‌కు వెళ్లేదానికి ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ అడుగున ‘అనలిటిక్స్ అండ్ ఇంప్రూవ్‌మెంట్స్’ ఉంది, ‘షేర్ ఐఫోన్ అనలిటిక్స్’ అక్కడ ఆపండి. అలాగే ‘లొకేషన్ సర్వీసెస్’లో ‘సిస్టమ్ సర్వీసెస్’ లోపల ‘ఐఫోన్ అనలిటిక్స్’ అని ఇంకొకటి విడిగా ఉంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు.