ఆంత్రోపాలజీలో పి.హెచ్.డి. చేరే ముందు తేల్చుకోవలసిన విషయాలు

సోషియాలజీలో ఎం.ఏ. చేశాననీ, సివిల్స్‌కు ఆంత్రోపాలజీని (మానవశాస్త్రాన్ని) ఆప్షనల్‌గా చదువుతుండగా ఆ శాస్త్రంపై మక్కువ కలిగిందనీ, ఇప్పుడు అందులో పి.హెచ్.డి. చేరడం మంచిదేనా అనీ మీరు అడిగారు. పోలవరం ముంపు వల్ల కొండలు దిగివచ్చిన కొండరెడ్డి గిరిజన కుటుంబాలపై పరిశోధన చేసి పట్టా పొందినవాడిని కనుక, నేను చూసినదాన్ని బట్టి జవాబు చెబుతాను.

ముందుగా ఒక తేడా గమనించండి. ఆప్షనల్ సిలబస్‌లో మనం ఇతరులు కనుగొన్న విషయాలను చదువుతాం. పి.హెచ్.డి.లో మాత్రం ఒక ఊళ్లో నెలల తరబడి ఉండి, అక్కడివారి తీరిక వేళలకు మన వేళలను కుదుర్చుకొని, విన్నదంతా ప్రతి రాత్రీ రాసుకోవాలి. ఈ పని మీద ఇష్టం ఉంటే తప్పక చేరండి. పుస్తకాలపై ఉన్న ఇష్టం ఒక్కటే చాలదు.

అర్హత విషయం సులభం. ఎం.ఏ.లో 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంటుంది. సోషియాలజీ వారిని కొన్ని విశ్వవిద్యాలయాలు అనుబంధ సబ్జెక్టు కింద చేర్చుకుంటాయి, నోటిఫికేషన్‌లో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. మన ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఆంత్రోపాలజీ శాఖలున్నాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం, మొదట్లో చదవవలసిన కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు గడువు ఉంటుంది. మహిళలకు మరో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది. ఫీల్డ్‌వర్క్ ఉన్న శాస్త్రంలో 3 ఏళ్లకే ముగించడం చాలా కష్టం.

డబ్బు విషయంలో నా అభిప్రాయం ఖచ్చితమైనది: ఫెలోషిప్ లేకుండా చేరకండి. జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జె.ఆర్.ఎఫ్.) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు వస్తాయి, ఇంటి అద్దె భత్యం అదనం. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ ఫెలోషిప్ లేని (నాన్‌నెట్) వారికి ఇచ్చే 8,000 రూపాయలతో ఏజెన్సీ రాకపోకలు, అక్కడి వసతి, హాస్టల్ మెస్ బిల్లు కలిపి నెట్టుకురావడం ఎంత కష్టమో నా తోటి స్కాలర్లను చూసి తెలుసుకున్నాను. వారిలో తెలివిగలవారు, పని మీద శ్రద్ధ ఉన్నవారు కూడా ఇంటి ఒత్తిడి తట్టుకోలేక మధ్యలో మానుకున్నారు.

ఇక అసలు విషయమైన ఫీల్డ్‌వర్క్‌కు వస్తాను. నా సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళికలో) పరిహారం చెల్లింపు, కొత్త ఇళ్ల నాణ్యత, ఉపాధి వంటి ప్రశ్నలు ఉండేవి. పునరావాస కాలనీలో ఆ ప్రశ్నలు అడిగితే అందరూ మర్యాదగా క్లుప్తంగా జవాబు చెప్పి ఊరుకునేవారు. ఒక పెద్దాయన మాత్రం జీలుగు అనే తాటి జాతి చెట్టు కల్లు దిగే కాలంలో ఇంకా మునగని పాత ఊరి కొండకు వెళ్లి చెట్టు గీసుకుంటున్నారని తెలిసి, ఆయన వెంట వెళ్లాను. తెల్లవారుజామున ఆయన చెట్టెక్కి కల్లు దించి, ఆకుదొప్పలో పోసి ముందుగా అక్కడున్న వయసు మళ్లినవారికి ఇచ్చి, తరువాత నాకు అందించారు. ఏ చెట్టు ఏ ఇంటిది, ఎవరి తండ్రి ఎవరికి ఇచ్చింది, ఆ చెట్టు కింద ఏ తగువు తీరింది అన్నది వరుసగా చెబుతూ, “కాగితంలో ఇల్లు రాశారు బాబూ, ఈ చెట్టు కింద కూర్చున్న మా వాళ్లను ఎక్కడ రాశారు?” అని అడిగారు. కొండరెడ్లకు ఏటా కొన్ని నెలలు జీలుగు కల్లు దాదాపు ఆహారంతో సమానమని నేను చదివే ఉన్నాను. కానీ ఇచ్చిపుచ్చుకోవడాలు, పెద్దరికాలు, బంధుత్వాలు ఆ చెట్ల చుట్టూ ఎలా అల్లుకొని ఉన్నాయో ఆ ఉదయమే అర్థమైంది. గైడ్‌తో మాట్లాడి థీసిస్‌లో రెండు అధ్యాయాలను ఆ విషయానికే కేటాయించాను. కనుక సినాప్సిస్‌ను మార్చుకునే స్వేచ్ఛ ఇచ్చే గైడ్‌ను ఎంచుకోవడం, విశ్వవిద్యాలయం పేరు కన్నా ముఖ్యమైన విషయం.

వెళ్లబోయే ప్రాంతంపై పాత రచనలను ముందే చదవండి. గోదావరి ఒడ్డు కొండరెడ్లపై మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వెలువడింది. కలప వ్యాపారుల చేతిలో వారు పడిన ఇక్కట్లు అందులో చదివి ఉండటం వల్లే, బయటివారంటే పెద్దలకు ఉన్న జంకును నేను సరిగా అర్థం చేసుకోగలిగాను. షెడ్యూల్డ్ ప్రాంతమైతే సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.) అధికారులకు, అభయారణ్యమైతే అటవీ శాఖకు ముందుగా దరఖాస్తు పెట్టుకోండి. అయితే అధికారి అనుమతి ఉన్నంత మాత్రాన ఊరు ఒప్పుకున్నట్టు కాదు. ఊరి పెద్దలను విడిగా అడగాలి, వద్దన్న ఇంటి గడప తొక్కకూడదు.

నోట్సు విషయంలో అతి జాగ్రత్త అవసరం. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతపు రాంపుర గ్రామంలో సేకరించి, ఏళ్ల తరబడి శ్రమించి సిద్ధం చేసుకున్న నోట్సు మూడు ప్రతులూ 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన నిప్పుకు కాలిపోయాయి. ఏ రోజు నోట్సు ఆ రోజే పూర్తి చేసి, ప్రతులను వేర్వేరు చోట్ల దాచండి.

ఉద్యోగాల సంగతి కూడా చెప్పాలి. అధ్యాపక పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యమవుతాయి. ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలోనూ గిరిజన పరిశోధనా సంస్థల్లోనూ అప్పుడప్పుడు అవకాశాలు వస్తాయి. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది కనుక ఆ పని తెలిసినవారి అవసరమూ ఉంది.

దరఖాస్తు చేసే ముందు, మీరు అనుకుంటున్న గైడ్ దగ్గర ఇటీవల పూర్తయిన థీసిస్‌లు రెండు మూడు, థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో తెరిచి, ఫీల్డ్‌వర్క్ అధ్యాయాలను పూర్తిగా చదవండి. వీలైతే ఆ స్కాలర్లతో మాట్లాడి, ఫీల్డ్‌లో ఉన్నన్నాళ్లు గైడ్ ఎంత తరచుగా పలికారో అడగండి.