నాన్నగారికి స్టేజ్ 4 ఊపిరితిత్తుల క్యాన్సర్: కీమో ఇప్పుడే మొదలుపెట్టాలా, జన్యు పరీక్ష రిపోర్ట్ దాకా ఆగాలా?

సిగరెట్ ముట్టని నాన్నగారికి 58 ఏళ్లకే నాలుగో స్టేజ్ అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అని తేలిందని, ఎన్‌జీఎస్ (ఒకేసారి చాలా జన్యువుల్లో మార్పులు వెతికే పరీక్ష) రిపోర్ట్‌కి ఇంకో పది రోజులు పడుతుందని, ఈలోపే కీమోతో పాటు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే ఇంజెక్షన్) మొదలుపెడదామని డాక్టర్లు అంటున్నారని రాశారు. ఆగితే జబ్బు ముదురుతుందేమోనన్న మీ టెన్షన్ నాకు తెలుసు. మా అమ్మదీ ఇదే జబ్బు, అందులో ఏఎల్‌కే పాజిటివ్ రకం, అంటే ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు వల్ల వచ్చేది. నాన్నగారికి ఆయాసం అదుపులో ఉండి, తిని తిరగగలుగుతుంటే రిపోర్ట్ దాకా ఆగవచ్చా అని డాక్టర్‌ని సూటిగా అడగండి. నేనైతే ఆగమనే అంటాను.

నాన్ స్మాల్ సెల్ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో (అడినోకార్సినోమా ఇందులోదే) ఏఎల్‌కే మార్పు ఉండేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురికే. కానీ పొగ అలవాటు లేనివాళ్లలో, వయసు తక్కువున్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ అనే మరో జన్యువులో మార్పు కూడా పొగ తాగనివాళ్లలో ఎక్కువే. వీటిలో ఏదైనా బయటపడితే చికిత్స దారే మారిపోతుంది, మాత్రలతో మొదలవుతుంది. ఇలాంటివాళ్లకు పీడీఎల్1 (ఇమ్యునోథెరపీ పనిచేస్తుందేమో అంచనా వేయడానికి చూసే ప్రొటీన్) ఎక్కువున్నా ఇమ్యునోథెరపీ పెద్దగా పనిచేయదు. పైగా దాని ప్రభావం ఒంట్లో నెలల తరబడి ఉంటుంది. ఆ వెనకే కొన్ని మాత్రలు వేస్తే లివర్‌కో ఊపిరితిత్తులకో దెబ్బ తగిలే ప్రమాదం పెరుగుతుంది. ఒకవేళ ఆగలేని పరిస్థితే వస్తే, ముందు కీమో ఒక్కటే ఇచ్చి, ఇమ్యునో ఇంజెక్షన్‌ని రిపోర్ట్ వచ్చేదాకా పక్కన పెట్టే పద్ధతి ఉంది. ఆ మాట మీరే ఎత్తండి.

ఇంకో సంగతి, ఎన్‌జీఎస్‌తో పాటు ఏఎల్‌కేకి ఐహెచ్‌సీ (కణాలకు రంగు వేసి ఆ ప్రొటీన్ ఉందో లేదో చూసే) పరీక్ష పంపారో లేదో కనుక్కోండి. అది బయాప్సీలో తీసి భద్రపరిచిన అదే ముక్క మీద చేస్తారు, చాలా త్వరగా వస్తుంది. ముక్క సరిపోలేదంటే రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ ఉంది. అమ్మకైతే ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిని తీసి, అందులోని కణాల మీదే ఈ పరీక్ష చేశారు. అంతకుముందు మా ఊళ్లో టీబీ అనుకుని మందులు వాడించారు, విలువైన కాలం అక్కడే పోయింది.

ఏఎల్‌కే అని తేలితే ధైర్యంగా ఉండండి. ఈ రకానికి మొదటి మాత్ర క్రిజోటినిబ్ 2011లో అమెరికాలో అనుమతి పొందింది. అది మెదడులోకి సరిగా చేరదు, ఈ జబ్బేమో మెదడుకి తరచుగా పాకుతుంది. అందుకే తలనొప్పి లేకపోయినా మొదట్లోనే మెదడు ఎమ్మారై తీయించండి. తర్వాత వచ్చిన అలెక్టినిబ్, లోర్లాటినిబ్ మెదడులోనూ బాగా పనిచేస్తాయి. 2024లో వచ్చిన ఐదేళ్ల ఫలితాల్లో, లోర్లాటినిబ్‌తో మొదలుపెట్టినవాళ్లలో నూటికి 60 మందికి జబ్బు ముదరలేదు, క్రిజోటినిబ్‌తో అది 8 మందికే. అయితే లోర్లాటినిబ్‌తో కొలెస్టరాల్ బాగా పెరుగుతుంది, కొందరికి మతిమరుపు, చిరాకు, మూడ్ మార్పులు వస్తాయి. మా అమ్మకు షుగరూ గుండె సమస్యా ఉండటంతో డాక్టర్ అలెక్టినిబ్ ఎంచుకున్నారు.

అలెక్టినిబ్ పొద్దున నాలుగు క్యాప్సూళ్లు, రాత్రి నాలుగు, తిన్నాకే వేసుకోవాలి. అమ్మకి మలబద్ధకం, కాళ్లవాపు, కండరాల నొప్పులు వచ్చాయి. ఎండ అసలు పడదు, చర్మం కందిపోతుంది, కాబట్టి వేసవిలో పొద్దెక్కాక బయటికి పంపం. మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి లివర్ పరీక్ష తప్పనిసరి. నాడి కూడా నెమ్మదిస్తుంది, బీపీ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి.

డబ్బు సంగతి చిన్నది కాదు. అలెక్టినిబ్‌కి 2025 బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం తీసేశారు, అయినా మామూలు కుటుంబానికి మోయలేని భారమే. మందు రాసిన రోజే, కొనకముందే, కంపెనీ పేషెంట్ సపోర్ట్ ప్రోగ్రామ్ ఉందేమో అడగండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఏ మేరకు వర్తిస్తుందో తేల్చుకోండి.

రెండో అభిప్రాయం కోసం ఆయన్ని ముంబై దాకా తిప్పనక్కర్లేదు. నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌తో (దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి) కలిసి పనిచేసే నావ్యా అనే ఆన్‌లైన్ సేవకి రిపోర్టులు ఆన్‌లైన్‌లో పంపితే నిపుణుల సలహా వస్తుంది. దగ్గర్లో చూపించాలంటే విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఉన్నాయి.

నాన్నగారికి జబ్బు పేరు చెప్పలేదని చివర్లో రాశారు. చెప్పండి. అమ్మకు డాక్టరే కూర్చోబెట్టి తెలుగులో వివరించారు. రెండు రోజులు ఏడ్చింది, ఆ తర్వాత మందుల టైము తనే చూసుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు కాళ్లవాపు కాస్త పెరిగినా మాకంటే ముందు తనే ఆసుపత్రికి ఫోన్ చేస్తుంది.