కెమెరాని ల్యాప్‌టాప్‌కి కలిపితే మధ్యలో తెగిపోతోందా? ముందు వైరు కొలవండి

కానన్ 80డీ కెమెరాని విండోస్ ల్యాప్‌టాప్‌కి వైరుతో కలిపి, ఫొటోలు నేరుగా తెర మీదికి వచ్చేట్టు లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో షూట్ చేస్తుంటే నాలుగైదు ఫొటోలకే కెమెరా కనిపించకుండా పోతోంది, అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ క్యాప్చర్ వన్ కొంటే బాగవుతుందా అని అడిగారు. కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి. నేనూ ఇదే అనుమానంతో సాఫ్ట్‌వేర్లు మార్చి మార్చి విసిగిపోయాను. తప్పంతా వైరుది.

నాది హన్మకొండలో చిన్న స్టూడియో. తిండి పెట్టేది పెళ్లిళ్లే. రెండేళ్ల కింద కొత్తవాడ నుంచి ఒక నేతన్న వచ్చి, ఆన్‌లైన్‌లో అమ్మడానికి జంపఖానాల ఫొటోలు కావాలన్నాడు. వరంగల్ జంపఖానాకి జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే) గుర్తింపు 2018లోనే వచ్చింది గానీ, ఆయన ఫోన్‌లో ఉన్న ఫొటోలు చూస్తే ఏది ఎరుపో ఏది కాషాయమో తెలిసేట్టు లేదు.

ఆరడుగులకి తొమ్మిదడుగుల జంపఖానా. గోడకి వేలాడదీస్తే మధ్యలో జారి చారలు వంకర పోతాయి. అందుకే నేల మీద పరిచి, మేడమెట్ల రెయిలింగ్ నుంచి అడ్డంగా కట్టిన పైపుకి కెమెరాని కిందికి చూసేట్టు బిగించా. ఇక వ్యూఫైండర్‌లో కన్ను పెట్టే దారి లేదు. ల్యాప్‌టాప్ కింద టేబుల్ మీద. మూడు మీటర్ల వైరు అందలేదని బజార్లో దొరికిన మామూలు ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ తగిలించా.

లైవ్ వ్యూ, అంటే కెమెరా చూస్తున్నది ల్యాప్‌టాప్ తెర మీద కనిపించడం, బ్రహ్మాండంగా వచ్చింది. షటర్ కొట్టగానే రా ఫైల్ (కుదించని పెద్ద ఫొటో ఫైల్) రావడం మొదలై సగంలో ఆగిపోయేది. మళ్లీ మెట్లెక్కు, కెమెరా ఆపి ఆన్ చెయ్యి, దిగు. ఆ పొద్దు నా మోకాళ్ల సంగతి అడగొద్దు.

యూఎస్‌బీ 2.0 వైరుకి హద్దు 5 మీటర్లు. మీ 80డీలో ఉన్నది ఆ రకం పోర్టే. నేను పెట్టింది ఎనిమిది మీటర్లు, పైగా మధ్యలో ఒక అతుకు. కొత్త కెమెరాల యూఎస్‌బీ 3 అయితే ఇంకా పొట్టి, 3 మీటర్లు దాటితే నమ్మకం తక్కువ. దూరం కావాల్సిందే అంటే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ అని అడిగి తీసుకోండి. లోపల చిన్న చిప్ ఉండి సిగ్నల్‌కి మళ్లీ బలమిస్తుంది. అది తగిలించాక నాకు సాయంత్రం దాకా ఒక్కసారి కూడా తెగలేదు.

మీరు ముందు ఒక మీటరు వైరుతో యాభై ఫొటోలు కొట్టి చూడండి. నిలిస్తే తప్పు పొడుగుది. అప్పుడూ తెగితే కెమెరాలో వైఫై ఆపారా చూడండి, 80డీలో అది ఆన్‌లో ఉంటే వైరు కనెక్షనే పని చేయదు. ఆటో పవర్ ఆఫ్ కూడా తీసేయండి. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఒకటుంటుంది, కరెంటు ఆదాకి పోర్టుని నిద్రపుచ్చేది, డిజేబుల్ చేయండి. ఒక పోర్టుని నాలుగు చేసే హబ్ వద్దు, నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. ఇంకో తిరకాసు: కానన్ వాళ్ల ఈఓఎస్ యుటిలిటీ ఉంటే వైరు పెట్టగానే అదే తెరుచుకుని కెమెరాని పట్టేసుకుంటుంది, లైట్‌రూమ్‌కి చిక్కదు. రెండిట్లో ఒకటే నడపండి. ఉచితంగా వచ్చేదే గనక, లైట్‌రూమ్ మొండికేస్తే దాంతోనే షూట్ చేసుకోవచ్చు.

ఇంత తంటా ఎందుకంటారా? మూడో జంపఖానా తెర మీదికి రాగానే నేతన్న వంగి చూసి, "గీ పచ్చ మాది గాదన్నా" అన్నాడు. సంచిలోంచి అదే నూలు చిలప తీసి తెర పక్కన పట్టాడు. నిజమే, నాది పసుపు కలిసినట్టుంది. పైన ట్యూబ్‌లైట్ ఆర్పడం మర్చిపోయా. ఆర్పేసి, గ్రే కార్డు (రంగుకి కొలతగా వాడే బూడిదరంగు అట్ట) పెట్టి ఒక ఫ్రేమ్ తీసి, వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగు లెక్క, దాని మీద సరిచేస్తే చిలపా తెరా దగ్గరికొచ్చాయి. కలిపి షూట్ చేయకపోతే ఈ మాట ఫొటోలన్నీ ఇచ్చేశాక వచ్చేది. తెర మీద ఎండ పడకుండా ల్యాప్‌టాప్ చుట్టూ ఒక అట్టపెట్టె కోసి పెట్టా, చూడ్డానికి పేలాల బండిలా ఉంది గానీ మస్తు పనికొచ్చింది.

వైరుని కెమెరా దగ్గర కాస్త వదులుగా ఉంచి, పైపుకి వెల్‌క్రో పట్టీతో కట్టండి. నేను కట్టలేదు. రెండో రోజు మా అసిస్టెంట్ కాలికి తగిలి పోర్టు వదులైంది. రిపేరుకిచ్చిన కెమెరా ఇంటికొచ్చేసరికి రెండు ముహూర్తాలు అద్దె కెమెరాతో లాగించా.